8 కాల్స్ లైసెన్స్ 42 మందికి సరిపోతుందా? కొత్తది కొనే ముందు ఇది లెక్కపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆఫీసులో 42 మంది ఉన్నారు, అందరికీ ఎక్స్‌టెన్షన్ (సిస్టమ్‌లో సొంత లోపలి నంబర్) ఉంది. ఫోన్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లో "8 సైమల్టేనియస్ కాల్స్" అని ఉంది. సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా బయటి కాల్స్ తెచ్చే లైన్) ఇచ్చిన కంపెనీ 10 ఛానెళ్లు ఇచ్చింది, అంటే దాని మీద ఒకేసారి 10 కాల్స్ నడుస్తాయి. ఈమధ్య పొద్దున పదకొండు దాటాక ఫోన్ చేస్తే బిజీ వస్తోందని కస్టమర్లు అంటున్నారు. లైసెన్స్ అమ్మేవాళ్లు "42 మందికి 8 ఎలా సరిపోతాయి, 32కి మారిపోండి" అంటున్నారు. మారాలా, వద్దా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ 8 మనుషుల లెక్క కాదు, ఫోన్ల లెక్క కూడా కాదు. ఒకే క్షణంలో నడుస్తున్న కాల్స్ లెక్క. 42 ఫోన్లూ హాయిగా రిజిస్టర్ అయి ఉండొచ్చు. రోజంతా కలిపి వెయ్యి కాల్స్ వచ్చినా లైసెన్స్‌కి పట్టింపు లేదు. ఎనిమిది కాల్స్ నడుస్తుండగా తొమ్మిదోది వచ్చిన ఆ క్షణంలోనే తలుపు మూసుకుంటుంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీకు 8 చాలకపోతున్నట్టే ఉంది. అయినా 32 మాత్రం ఇప్పుడే కొనకండి. మీ ట్రంక్‌లో ఉన్నవి 10 ఛానెళ్లే కాబట్టి ఆ 32లో ఎక్కువ భాగం ఊరికే పడి ఉంటుంది. ఒక వారం కాల్ రికార్డు చూశాక ఏ సంఖ్య కొనాలో మీకే తెలుస్తుంది.

పద్నాలుగేళ్లుగా ఆఫీసులకి ఫోన్ సిస్టమ్స్ పెట్టడం, పెట్టినవాటిని చూసుకోవడం నా పని. ఈ ఒక్క సంఖ్య దగ్గర డబ్బు వృథా చేసుకున్నవాళ్లనీ, డబ్బు మిగిల్చబోయి కస్టమర్లని పోగొట్టుకున్నవాళ్లనీ ఇద్దర్నీ చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మూడు తలుపులు

బయటి నుంచి వచ్చే కాల్ మీ మనిషి చెవిదాకా రావాలంటే మూడు తలుపులు దాటాలి. ఒకటి ట్రంక్ ఛానెళ్లు, రెండోది సాఫ్ట్‌వేర్ లైసెన్స్, మూడోది ఇంటర్నెట్ లైనూ సర్వర్ సామర్థ్యమూ. ఈ మూడింట్లో ఏది ఇరుకైతే అదే మీ అసలు పరిమితి. మీ దగ్గర 10, 8 ఉన్నాయి కాబట్టి ఇప్పుడు అడ్డు పడుతున్నది లైసెన్స్. రేపు 32 కొంటే అడ్డు ట్రంక్ దగ్గరికి మారుతుంది, పదకొండో కస్టమర్‌కి మళ్లీ బిజీ టోనే. ఒకదాన్ని పెంచేటప్పుడు పక్కదాన్ని కూడా చూడాలి.

మూడో తలుపు గురించి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. నిజానికి ఈ రోజుల్లో అది చాలా అరుదుగా అడ్డొస్తుంది. జీ.711 కోడెక్‌లో (గొంతుని డేటాగా మార్చే ఒక పద్ధతి) గొంతుకి పట్టేది 64 కేబీపీఎస్, ప్యాకెట్ హెడర్లన్నీ కలుపుకుంటే ఒక కాల్‌కి ఒక్కో దిక్కున 87 కేబీపీఎస్ దాకా అవుతుంది. అంటే 16 కాల్స్‌కి ఒకటిన్నర ఎంబీపీఎస్ లోపే. లైన్ నాణ్యత బాగుండాలి, వేరే డౌన్‌లోడ్‌లు గొంతుని తొక్కేయకుండా ప్రాధాన్యం సెట్ చేసి ఉండాలి. అంతకుమించి ఇక్కడ ఆగక్కర్లేదు.

లైసెన్స్ పద్ధతి అన్ని సాఫ్ట్‌వేర్‌లకీ ఒకటి కాదు. కొన్ని మనిషికింత అని తీసుకుంటాయి, కొన్ని ఒకేసారి నడిచే కాల్స్‌ని బట్టి తీసుకుంటాయి. రెండో పద్ధతిలో 3సీఎక్స్ బాగా తెలిసిన పేరు. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టెరిస్క్ ఓపెన్ సోర్స్ కాబట్టి దాంట్లో కాల్స్ మీద లైసెన్స్ పరిమితే లేదు, సర్వర్ ఎంత మోస్తే అంత. అక్కడ కూడా జీ.729 కోడెక్ వాడాలంటే చాలాకాలం ఛానెల్‌కి ఒక లైసెన్స్ కొనాల్సి వచ్చేది. 2017లో పేటెంట్ల గడువు తీరాక ఆ బాధ పోయింది.

ఏది కాల్ కింద లెక్క?

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. "మా దగ్గర ఒకేసారి ఐదారుగురు కంటే ఎక్కువ మాట్లాడరండీ" అంటారు. నిజమే, మాట్లాడేది ఐదారుగురే. కానీ లైసెన్స్ లెక్కపెట్టేది మాట్లాడేవాళ్లని మాత్రమే కాదు.

హోల్డ్‌లో పెట్టిన కాల్ లెక్కలో ఉంటుంది. "సేల్స్ కోసం ఒకటి నొక్కండి" అనే రికార్డింగ్ వింటున్న కస్టమర్ లెక్కలో ఉంటాడు. క్యూలో పాట వింటూ ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటారు, వాయిస్ మెయిల్‌లో మెసేజ్ చెప్తున్నవాళ్లు ఉంటారు. చాలా సిస్టమ్స్‌లో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి చేసే లోపలి కాల్ కూడా ఒకటే. రిసెప్షన్‌లో అమ్మాయి కస్టమర్‌ని ఆపి, "సార్, మీకు ఫలానావారు లైన్లో ఉన్నారు, ఇవ్వమంటారా" అని లోపలికి అడుగుతుంది చూడండి, ఆ అర నిమిషం రెండు కాల్స్ నడుస్తున్నట్టు. ఐదుగురి కాన్ఫరెన్స్ చాలా వాటిలో ఐదు కాల్స్.

రింగ్ గ్రూప్ గురించి మాత్రం ఎక్కువమందికి అనవసర భయం ఉంది. ఒక కస్టమర్ ఫోన్ చేస్తే పది ఫోన్లు మోగుతాయి కదా, పది తినేస్తుందా అని అడుగుతుంటారు. మామూలుగా అది ఒక్క కాలే, ఎందుకంటే అటువైపు ఉన్నది ఒక్క మనిషి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఉందో తెలుసుకోవడం తేలిక. ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు గ్రూప్ నంబర్‌కి ఒక కాల్ చేసి, డాష్‌బోర్డులో యాక్టివ్ కాల్స్ సంఖ్య ఎంత పెరిగిందో చూడండి. హోల్డ్, ట్రాన్స్‌ఫర్, కాన్ఫరెన్స్ కూడా ఇలాగే ఒక్కొక్కటి చేసి చూడండి. అమ్మినవాళ్ల మాట కంటే ఆ పావుగంట పరీక్ష నమ్మదగింది.

మొబైల్‌కి ఫార్వర్డ్ చేసే కాల్ సంగతి వేరే. కస్టమర్ కాల్ ఒక ట్రంక్ ఛానెల్ మీద లోపలికి వస్తుంది, మొబైల్‌కి ఇంకో ఛానెల్ మీద బయటికి పోతుంది. లైసెన్స్‌లో అది ఒకటిగానే పడ్డా ట్రంక్‌లో రెండు పోతాయి. మీ సేల్స్ వాళ్లు బయట తిరుగుతూ ఫార్వర్డ్ పెట్టుకుంటే, పది ఛానెళ్ల ట్రంక్ ఐదు కాల్స్‌కే నిండిపోతుంది. సాఫ్ట్‌వేర్ యాప్ ద్వారా మొబైల్‌లో ఎత్తితే ఈ సమస్య రాదు, అది ఎక్స్‌టెన్షనే కాబట్టి.

మీ అసలు సంఖ్య ఎలా పట్టుకోవాలి

సాఫ్ట్‌వేర్‌లో కాల్ రికార్డు ఉంటుంది, మేం సీడీఆర్ అంటాం. ప్రతి కాల్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎత్తారు, ఎప్పుడు అయిపోయింది అన్నీ అందులో ఉంటాయి. ఒక వారానిది ఎక్సెల్‌లోకి దించండి. ప్రతి కాల్‌ని రెండు వరుసలు చేయండి: మొదలైన టైమ్‌కి ప్లస్ 1, అయిపోయిన టైమ్‌కి మైనస్ 1. అన్నిటినీ టైమ్ ప్రకారం సార్ట్ చేసి, పక్క కాలమ్‌లో కూడుకుంటూ పోండి. ఒకే సెకనులో రెండూ పడితే మైనస్ ముందు రావాలి. ఇలా కనిపిస్తుంది:

11:02:05, ప్లస్ 1, మొత్తం 6
11:02:31, ప్లస్ 1, మొత్తం 7
11:02:40, మైనస్ 1, మొత్తం 6
11:02:44, ప్లస్ 1, మొత్తం 7
11:02:58, ప్లస్ 1, మొత్తం 8
11:04:10, మైనస్ 1, మొత్తం 7

11:02:58 నుంచి 11:04:10 దాకా సంఖ్య 8 మీదే నిలబడింది. 72 సెకన్లు. ఆ 72 సెకన్లలో ఎవరు ఫోన్ చేసినా వాళ్లకి బిజీనే. ఇలాంటి ముక్కలు రోజుకి ఎన్ని, మొత్తం ఎన్ని నిమిషాలు అని కూడితే మీ ఇబ్బంది ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కాల్ మొదలైన టైమ్‌నే తీసుకోండి, ఎత్తిన టైమ్‌ని కాదు. మొదట్లో ఒక ఆఫీసులో నేను ఎత్తిన టైమ్‌తో లెక్కకట్టాను. అత్యధికం 5 అని వచ్చింది, 8 చాలని చెప్పి వచ్చేశాను. నెల తిరక్కుండా ఫిర్యాదులు. మొదలైన టైమ్‌తో మళ్లీ చేస్తే 8కి తగులుతోంది. మధ్యలో ఉన్నవాళ్లంతా మెనూ వింటూ, క్యూలో ఎదురుచూస్తూ ఉన్నవాళ్లు. ఆ ఆఫీసుకి నెలరోజుల నష్టం నా లెక్క వల్లే జరిగింది, ఇప్పటికీ అది నాకు బాధే.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. పరిమితి 8 అయితే మీ రికార్డులో 9 ఎప్పటికీ కనిపించదు. వెనక్కి పంపేసిన కాల్స్ చాలా సిస్టమ్స్‌లో సీడీఆర్‌లోకే రావు. కాబట్టి "మాకు అత్యధికంగా 8 వచ్చింది, 8 సరిపోయింది" అనుకోవడం తప్పు. కొండ శిఖరం కోసేసిన ఫోటో అది. పైన ఎంత ఉందో తెలియాలంటే ట్రంక్ కంపెనీని అడగండి. మీ సిస్టమ్ నుంచి 486 లేదా 503 కోడ్‌తో వెనక్కొచ్చిన కాల్స్ ఏ రోజు ఏ టైమ్‌లో ఎన్ని అని లిస్టు ఇమ్మనండి. 486 అంటే బిజీ, 503 అంటే ప్రస్తుతం సేవ అందదని. 486లో ఒక్క ఎక్స్‌టెన్షన్ బిజీగా ఉన్నందుకు వచ్చినవి కూడా కలిసి ఉంటాయి కాబట్టి, మీ మొత్తం 8 మీద ఉన్న టైమ్‌లో పడ్డవాటినే తీసుకోండి.

మనుషులు కాదు, నిమిషాలు

ఎంతమందికి ఎన్ని లైన్లు అన్న లెక్క వందేళ్ల కిందటే తేలింది. డెన్మార్క్‌కి చెందిన అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రాన్నే మేం ఇప్పటికీ వాడతాం. లెక్క చాలా సులువు: బాగా రద్దీగా ఉండే గంటలో వచ్చే కాల్స్‌ని ఒక్కో కాల్ నిమిషాలతో గుణించి 60తో భాగిస్తే వచ్చేది ఎర్లాంగ్.

ఆ గంటలో 60 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. 180 నిమిషాలు, అంటే 3 ఎర్లాంగ్‌లు. నూటికి ఒక కాల్ మించి వెనక్కి పోకూడదంటే ఎర్లాంగ్ పట్టిక ప్రకారం 8 లైన్లు కావాలి. సరిగ్గా మీ లైసెన్స్ అంత. ఇప్పుడు అవే 60 కాల్స్, కానీ ఎత్తేవాళ్లు తక్కువై ఒక్కొక్కరు సగటున 2 నిమిషాలు క్యూలో ఆగారు. కాల్ 5 నిమిషాలైంది. 5 ఎర్లాంగ్‌లకి 11 లైన్లు కావాలి. కస్టమర్లు పెరగలేదు, మాట పెరగలేదు, ఎదురుచూపు ఒక్కటే మూడు లైసెన్సులు మింగేసింది.

కాల్స్ రెట్టింపైతే లైసెన్స్ రెట్టింపు అక్కర్లేదు, అది కూడా చూడండి. 3 ఎర్లాంగ్‌లకి 8 కావాలి, 6 ఎర్లాంగ్‌లకి 13 చాలు. గుంపు పెద్దదయ్యేకొద్దీ సర్దుబాటు బాగుంటుంది. "మనిషికింత" అని తల లెక్కన చెప్పే సలహాలు అందుకే తప్పుతాయి. 42 మందిలో ముప్పై మంది అకౌంట్స్, స్టోర్స్ అయితే ఒక లెక్క, ముప్పై మంది సేల్స్ అయితే పూర్తిగా వేరే లెక్క.

ఈ సూత్రానికీ ఒక హద్దుంది. కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయనీ, బిజీ తగిలినవాళ్లు మళ్లీ చేయరనీ అది అనుకుంటుంది. నిజంలో బిజీ తగిలినవాళ్లు వెంటనే రీడయల్ నొక్కుతారు. ఒక ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు పొద్దున ఎనిమిదింటికి తెరిచేవారు. గంట మొత్తం సగటు చూస్తే 8 లైన్లు చాలు, కానీ ఆ కాల్స్‌లో సగం పైగా మొదటి పది నిమిషాల్లోనే. జ్వరంతో ఉన్న పిల్లని ఒళ్లో పెట్టుకుని ఒక తల్లి వరసగా ఎన్నిసార్లు రీడయల్ కొట్టి ఉంటుందో ఆ ట్రంక్ లిస్టు చూస్తే తెలిసింది: ఒకే నంబర్, నాలుగు నిమిషాల్లో పదిహేడు సార్లు. అక్కడ లైసెన్స్‌ని 16 చేశాం. దాంతోపాటు అపాయింట్‌మెంట్లు విభాగానికో టైమ్‌లో తెరవమని కూడా చెప్పాం. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ పనిచేసింది.

ఎక్కువ కొన్నా పని జరగని కేసు ఒకటి చెప్తాను. ఒక సర్వీస్ సెంటర్, ఫోన్లు ఎత్తేవాళ్లు ఐదుగురు, 16 లైసెన్స్ నిండిపోతోంది. నన్ను పిలిచేలోపే 32కి మారారు. వెళ్లి చూస్తే 5 కాల్స్ మాట్లాడుతున్నారు, 24 కాల్స్ క్యూలో ఉన్నాయి. ముందు 11 మంది ఎదురుచూసేవాళ్లు, కొత్త లైసెన్స్ వచ్చాక 24 మంది. బిజీ టోన్ విని పెట్టేసేవాళ్లు ఇప్పుడు ఇరవై నిమిషాలు పాట విని, తిట్టి పెట్టేస్తున్నారు. మేం చేసింది ఇది: రద్దీ ఉండే రెండు గంటలు ఇంకో ఇద్దరిని ఫోన్ల మీద కూర్చోబెట్టాం, క్యూలో మూడు నిమిషాలు దాటితే "మేమే తిరిగి చేస్తాం" అనే సౌకర్యం పెట్టాం, మెనూలో ఉన్న నలభై సెకన్ల పరిచయ ప్రసంగాన్ని ఎనిమిది సెకన్లకి తగ్గించాం. ఆ తర్వాత ఒకేసారి నడిచే కాల్స్ 14 దాటలేదు.

కొనే ముందు దెయ్యం కాల్స్ చూడండి

అప్పుడప్పుడు మనుషులు పెట్టేసినా కాల్ సిస్టమ్‌లో బతికే ఉంటుంది. కాల్ అయిపోయిందని చెప్పే సందేశం రౌటర్ దగ్గరో ఫైర్‌వాల్ దగ్గరో పోతే ఇలా జరుగుతుంది. ఒక ఆఫీసులో వారం చివరికొచ్చేసరికి బిజీ మొదలయ్యేది, సర్వర్ రీస్టార్ట్ చేస్తే సర్దుకునేది. రాత్రి పది గంటలకి డాష్‌బోర్డు తెరిచి చూశాను. ఆఫీసులో ఎవరూ లేరు, 3 కాల్స్ నడుస్తున్నాయి, ఒకదాని వయసు 31 గంటలు. 8లో మూడు అలా పోయాయి. సెషన్ టైమర్ (కాల్ ఇంకా బతికుందా అని మధ్యమధ్యలో సరిచూసే సెట్టింగ్) ఆన్ చేసి, ఒక కాల్ రెండు గంటలు దాటితే తెగిపోయేలా పెట్టాక మళ్లీ రాలేదు. మీరు కూడా ఈ రాత్రికే అందరూ వెళ్లిపోయాక యాక్టివ్ కాల్స్ సున్నా ఉందో లేదో చూడండి. రికార్డులో కాల్ నిడివిని పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ చేస్తే కూడా ఇవి పైకి తేలతాయి.

మీ విషయానికి వస్తే

దెయ్యం కాల్స్ లేవని తేలాక వారం రికార్డు తీయండి. రోజుకి ఒకటో రెండో నిమిషాలు మాత్రమే 8 మీద నిలబడుతుంటే మెనూ చిన్నది చేయడం, లోపలి విషయాలకి చాట్ వాడమనడం లాంటివి ముందు చేయండి. పదకొండు తర్వాత రోజూ పది నిమిషాలో పావుగంటో 8 మీదే ఉంటే 16కి వెళ్లండి, ట్రంక్ ఛానెళ్లని కూడా కనీసం 14కి పెంచండి. మీ 10 ఛానెళ్లతో 16 కొన్నా బయటి కాల్స్‌కి లాభం రెండే. ఎక్కువ శాతం సాఫ్ట్‌వేర్‌లలో లైసెన్స్‌ని తర్వాత పెంచుకోవడానికి పెద్ద పనేమీ ఉండదు, ఏడాది మధ్యలో తగ్గించుకోవడమే కష్టం. అందుకే చిన్న మెట్టు ఎక్కమంటాను. ఏడాది మధ్యలో పెంచితే మిగిలిన నెలలకే కట్టాలా, మొత్తం ఏడాదికా అన్నది రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ఇంకొకటి, ఇది దయచేసి వాయిదా వేయకండి. ఎనిమిదీ నిండి ఉన్నప్పుడు మీ వాళ్లెవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలనుకుంటే కాల్ పోతుందా? కొన్ని సిస్టమ్స్ అత్యవసర నంబర్లకి దారి వదులుతాయి, కొన్ని వదలవు. మాన్యువల్‌లో చూడండి, లేకపోతే అమ్మినవాళ్లని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి. వదలని సిస్టమ్ అయితే ట్రంక్ సెట్టింగ్స్‌లో లోపలికి వచ్చే కాల్స్‌ని 7కి ఆపేసి, బయటికి చేయడానికి ఒకటి మిగిలేలా చూడండి. లోపలి కాల్స్ దాన్ని కూడా వాడేసుకోవచ్చు కాబట్టి, రిసెప్షన్ టేబుల్ మీద ఈ సిస్టమ్‌తో సంబంధం లేని మొబైల్ ఒకటి ఛార్జ్‌లో పెట్టి ఉంచండి, అది దేనికో అందరికీ చెప్పండి.

వారం రికార్డు చేతికొచ్చాక మూడు సంఖ్యలు ఇక్కడ రాయండి: 8 మీద నిలబడ్డ మొత్తం నిమిషాలు, రద్దీ గంటలో కాల్స్ ఎన్ని, క్యూలో సగటున ఎంతసేపు ఆగుతున్నారు. మీకు 12 చాలా, 16 కావాలా అన్నది కూర్చుని లెక్కవేసి చెప్తాను.